నిండుకున్న ఊరు

మొదటి రోజు

పొద్దున్నే కట్ట మీద ఉప్పు తుడిచాను. రాత్రంతా సముద్రం గోడను కొట్టీ కొట్టీ ఫొటోల మీద తెల్లటి పొర వేసిపోయింది. తలుపంతేసి ఫొటోలు. ఒక్కోదానికి ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. 'స్పందనల నమోదుదారు' అని నా చొక్కా జేబు మీద పేరు కుట్టించి ఇచ్చారు గానీ, జనం వచ్చేదాకా నేను చేసేది పాచిపనే.

ప్రదర్శన పేరు 'మళ్ళీ మనలో'. మా మెరకపాలెంలో మనసు చెదిరి, విశ్రాంతి కొండకు వెళ్ళి, బాగుపడి తిరిగొచ్చినవాళ్ళ ఫొటోలు ఇవి. చూసినవాళ్ళు ఫొటో కింద ఉన్న పలక మీద అరచెయ్యి ఆనించి, తమకు అనిపించింది చెప్పాలి. ఆ పలకను అందరూ 'చెవి' అంటున్నారు. చెవి విన్నదాన్ని శుభ్రమైన తెలుగులో రాసి వెలుగు, మసక, నీడ అని మూడు కుప్పలు పోస్తుంది. సాయంత్రం ఆ కుప్పలు చదివి సంతకం పెట్టడం, ఈ దినచర్య రాయడం నా ఉద్యోగం. దినచర్య మాత్రం చేత్తోనే రాయాలట. "మనిషి చేతిరాత కనిపిస్తే జనానికి నమ్మకం" అన్నారు మా ప్రదర్శనాధికారి తారకేశం గారు. నా చేతిరాత చూశాక ఆయన నమ్మకం ఏమైందో తెలియదు.

ఈరోజు వచ్చినవాటిలో కొన్ని:

"ఫొటోలు బాగున్నాయి. మంచినీళ్ళు పెట్టాల్సింది."

"పెళ్ళి చేస్తే అన్నీ కుదురుకుంటాయి." ఈ మాట అన్నాయన నిలబడింది డెబ్భై ఏళ్ళ తాతగారి ఫొటో ముందు.

"దిష్టి తగిలుంటుంది."

"మా ఇంట్లో ఇలాంటివి ఎవరికీ లేవు." ఒకావిడ వరసగా ప్రతి ఫొటో కిందా చెయ్యి పెట్టి ఇదే చెప్పుకుంటూ పోయింది.

తొమ్మిదో ఫొటో మా కాసులమ్మది, నా తోటికోడలిది. గడపలో కూచుని చేటలో బియ్యం చెరుగుతూ నవ్వుతూ ఉంటుంది. మెరకపాలెంలో బియ్యం చెరిగే ఇల్లే లేదు, అన్నీ శుభ్రం చేసిన సంచుల్లోనే వస్తాయి. చేట ఫొటోగ్రాఫరు తెచ్చుకున్నాడు. ఆ నవ్వు కూడా మాకు కొత్తదే. వెనకటికి కాసులు నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది, పన్ను మీద పన్ను ఉండేదని. కొండ మీద దాన్ని కూడా సరిచేసి పంపారు.

మూడో రోజు

జనం పెరిగారు. మధ్యాహ్నం కాసులు కూడా వచ్చింది. తన ఫొటోకు కాస్త దూరంగా నిలబడి, తన గురించి జనం ఏమంటున్నారో వింది. ఎవరూ ఆమెను గుర్తుపట్టలేదు. "మొహంలో కళ చూశారా, కొండ మీద వైద్యమంటే వైద్యమే" అని ఒకాయన ఆమెకే చెప్పాడు. ఆమె తల ఊపింది.

ఇంటికి నడుస్తుంటే అడిగాను, ఎలా ఉందే నీ ఫొటో అని.

"ఆ ఫొటోలో మనిసి బాగుందప్పా" అంది. "నాకు తెలిసిన మనిసయితే బాగున్ను."

అప్పా అంటే మా వైపు అక్క. ఇంట్లో నేను పెద్దకోడలిని, ఆమె చిన్నది. మా ఇద్దరి మొగుళ్ళూ ఒకే పడవలో వేటకు వెళ్ళేవాళ్ళు. మా పాత పాలెం సముద్రంలో మునిగిన ఏడు అదే పడవలో ఇద్దరూ పోయారు. ఒకే పూట ఇద్దరం బొట్టు తీశాం. కాసులు పడిపోయింది. ఇంట్లో ఒకరు పడితే ఇంకొకరు పట్టుకోవాలి, ఇద్దరం పోటీపడి పడిపోతే ఎత్తేదెవరు? నేను పట్టుకున్నాను.

అందరికీ ఉన్నట్టే మాకూ మెడలో కుదురుబిళ్ళలు ఉన్నాయి. గుండె దడ పెరిగినా, నోటి వెంట చావనో అయిపోయిందనో నల్లమాట వచ్చినా మోగుతాయి. మోగితే తెల్లబండి వస్తుంది. చప్పుడు చేయదు ఆ బండి, వాకిట్లో ఆగాకే తెలుస్తుంది. దీపం ఆరిపోయింది అనకూడదని, కొండెక్కింది అనాలని మా అత్త నేర్పింది. బండి ఎక్కిన మనిషి గురించి కూడా ఊళ్ళో అదే మాట అంటారు, ఫలానావాళ్ళు కొండెక్కారని. ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ మాటకు ఎవరూ నవ్వరు.

కాసులు కొండెక్కి తిరిగొచ్చింది. రెండోసారి ఎక్కితే మాత్రం వచ్చేది మనిషే గానీ మనవాళ్ళు కారు. పక్క వీధి వీరాసామి రెండోసారి వెళ్ళొచ్చాక సొంత కొడుకును "బాబుగారూ" అని పిలుస్తాడు. మర్యాదగా, చేతులు కట్టుకుని.

తిరిగొచ్చిన కొత్తలో కాసులు దేనికైనా "అలాగే అప్పా" అనేది. తింటావా అంటే అలాగే, పడుకుంటావా అంటే అలాగే. ఇంట్లో ఒక మెత్తటి గోడతో కాపురం చేసినట్టుండేది నాకు. తర్వాత ఎవరో వినే సావిడి సంగతి చెప్పారు. కాలవ పక్కన రేకుల షెడ్డు అది. మార్తమ్మ అనే ఆవిడ ఉంటుంది. గుమ్మంలోనే మన బిళ్ళ తీసి ఊక కుండలో పూడ్చి, మూత పెట్టి, లోపలికి తీసుకెళ్ళి కూచోబెడుతుంది. మందివ్వదు, నీతులు చెప్పదు. "ఏటయింది?" అని అడిగి ఊరుకుంటుంది. అక్కడ ఏ మాటైనా అనొచ్చు, ఎంతసేపైనా ఏడవచ్చు. ఊరు మొత్తానికి అలాంటి చోటు అదొక్కటే.

అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాక కాసులు మెల్లగా నాతో పోట్లాడటం మొదలుపెట్టింది. మొన్న నా చారు నోట్లో పోసుకుని, "ఇది సారేటి, సేతులు కడిగిన నీల్లేటి?" అంది. నేను పెరట్లోకి వెళ్ళి ఏడ్చాను. సంతోషంతో.

ఐదో రోజు

ఈరోజు ఒక తమాషా జరిగింది. సరుకుల కొట్టు దాలినాయుడు వచ్చాడు. పెద్దమనిషి, గట్టిగా దగ్గను కూడా దగ్గడు. అటూ ఇటూ చూసి పన్నెండో ఫొటో కింద చెయ్యి పెట్టి, చెవికి మాత్రమే వినబడేలా, "ఓపిక నిండుకుంది" అన్నాడు. నేను పక్కనే గుడ్డ పిండుకుంటున్నాను కాబట్టి నాకూ వినబడింది.

బిళ్ళ మోగుతుందని భయపడ్డాను. మోగలేదు.

సాయంత్రం కుప్పలు తెరిస్తే ఆ మాట వెలుగులో పడి ఉంది. "ఓపిక నిండుగా ఉంది" అని చక్కగా దిద్ది రాసింది చెవి. నవ్వాపుకోలేకపోయాను. బియ్యం అయిపోయాయి అంటే అశుభమని నిండుకున్నాయి అంటాం. పైనున్న తథాస్తు దేవతలు వినకూడదని మన ముసలమ్మలు కనిపెట్టిన మాట అది. దేవతల సంగతేమో గానీ యంత్రం మాత్రం బోల్తా పడింది. దానికి తెలుగు వచ్చు గానీ తెలుగువాళ్ళ వంటిల్లు తెలియదు.

కాసులుకు చెబితే ఆమె కూడా నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని. అడ్డం పెట్టుకోవడానికి ఇప్పుడు ఆ పన్ను లేదు, అయినా పెట్టుకుంది.

ఆరో రోజు

ఈరోజు జనం చెవికి చెప్పినవి: నిద్ర నిండుకుంది. మాటలు నిండుకున్నాయి. ఇంట్లో నవ్వు నిండుకుంది. పిల్లల మీద ప్రేమ నిండుకుందేమోనని భయంగా ఉంది.

ఒక్కరోజులో ఆ మాట ఊరంతా ఎలా పాకిందో. నిన్న నవ్వినందుకు ఈరోజు సిగ్గుపడుతున్నాను.

ఎనిమిదో రోజు

వరసలు కట్ట దాటి బజారు దాకా వచ్చాయి. నీళ్ళ కుళాయి దగ్గరైనా మనవాళ్ళు వరసలో ఊరుకోరు, పక్కవాళ్ళ పెళ్ళిళ్ళూ పేరంటాలూ అన్నీ అక్కడే తేలతాయి. ఈ వరసలో ఎవరూ మాట్లాడటం లేదు. ఫొటోల వంక చూడటం కూడా మానేశారు. వచ్చి చెయ్యి ఆనిస్తారు, ఒక్క మాట అంటారు, వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళాక పలక మీద చెమట తుడవడం నా పని. గాలి ఇంత చల్లగా ఉంటే అరచేతులకు అంత చెమట ఎందుకు పడుతోందో.

తారకేశం గారు సాయంత్రం గోడకు ఒక ప్రకటన అంటించారు. ఊళ్ళో వెలుగు స్పందనలు ఎన్నడూ లేనంతగా వచ్చినందువల్ల, ప్రజల మనసులు నిండుగా ఉన్నాయని తేలినందువల్ల, వినే సావిడి అవసరం తీరిపోయిందట. ప్రదర్శన ముగిసే రోజు మూసేస్తారట.

ఇంటికొచ్చి కాసులుకు చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక అన్నం కలుపుతూ చెప్పాను.

"అలాగే అప్పా" అంది.

ఆ మాట విని ఎన్నాళ్ళయిందో.

తొమ్మిదో రోజు

ఈ పూట కావాలనే చారులో ఉప్పు వేయలేదు. చింతపండు కూడా సగమే పిసికాను. కుక్క కూడా ముట్టని చారు అది. కాసులు మాట్లాడకుండా తాగి, గిన్నె కడిగి బోర్లించింది.

"ఎలా ఉందే?" అని అడిగాను.

"బాగుందప్పా."

తిట్టు తల్లీ, ఒక్క మాట తిట్టు అని బతిమాలాలనిపించింది. ఆమె నా వంక చూసి నవ్వింది. కట్ట మీద తొమ్మిదో ఫొటోలో ఉన్న నవ్వు అది, మా వంటింట్లో.

మార్తమ్మ దగ్గరికి పరుగెత్తాను. సావిడి బయట ఎండలో కూచుని ఊక చెరుగుతోంది. కాసులు సంగతి చెబితే తలెత్తకుండానే, "నా కాడికొచ్చినోల్లందరిలోకీ ఆ అమ్మే బాగా తేరుకుంటోంది. ఇంకో నాలుగు నెల్లుంటే సాలు, గట్టున పడున్ను" అంది. నాలుగు నెలలు కావాలి. మా దగ్గర నాలుగు రోజులు కూడా లేవు.

కాసులును ఇంట్లో ఒంటరిగా వదలకూడదని నిర్ణయించుకున్నాను. రేపటి నుంచి నాతో కట్టకు తీసుకొస్తాను, ఉప్పు తుడిపిస్తాను.

పదో రోజు

పొద్దున్నే తారకేశం గారి గదికి వెళ్ళాను. కాసులును బయట బల్ల మీద కూచోబెట్టి, తలుపు సందులోంచి కనబడేలా నిలబడ్డాను.

"చెవి తప్పు రాస్తోందండీ" అన్నాను.

"తప్పేముంది? నిండుకోవడమంటే నిండడమే కదా."

"మీ ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటే విందు పెడతారా?"

ఆయన నవ్వలేదు. లేచి కిటికీ మూసి, మెడలో బిళ్ళ మీద అరచెయ్యి కప్పుకుని, ప్రార్థన చేస్తున్నంత నెమ్మదిగా మాట్లాడారు. "నూకరత్నం గారూ, నేనూ మా అమ్మ చేతి అన్నం తినే పెరిగాను. ఆ మాట మొదట వచ్చిన రోజే దాని అర్థమేమిటో నాకు తెలుసు."

"మరి దిద్దరేం?"

"దిద్దితే ఏమవుతుందో మీరే చెప్పండి. వెలుగులోంచి తీసి నీడలో వేయాలి. నీడలో పడిన ప్రతి అరచెయ్యీ ఎవరిదో చెవికి తెలుసు. ప్రతి ఇంటికీ బండి వెళ్తుంది. ఇదిగో కలం. మీరు సంతకం పెడతారా?"

నేను కలం తీసుకోలేదు.

"దిద్దకపోతే సావిడి మూసేస్తారు కదండీ."

"మూసేస్తారు."

"అది కూడా లేకపోతే ఈ జనం ఎక్కడికెళ్ళి ఏడవాలి?"

ఆయన కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. తర్వాత, "ముందు నుయ్యి, వెనక గొయ్యి. మీకు నేను చెప్పేదేముంది" అన్నారు. నేను తలుపు దాకా వచ్చాక వెనక నుంచి, "నిన్న జనం వెళ్ళిపోయాక ఇరవయ్యో ఫొటో కింద నేనూ చెయ్యి పెట్టాను" అన్నారు. ఏమన్నారో నేను అడగలేదు. సాయంత్రం వెలుగు కుప్పలో వెతకలేదు కూడా.

ఈ మనిషిని తిట్టుకుంటూ నిద్రపోదామని ఉంది నాకు. తిట్టడానికి వీలు లేకుండా చేశాడు.

పదకొండో రోజు

ఇది రాయకుండా ఉంటే బాగుండును.

కాసులు తన ఫొటో తానే తుడిచింది. నుదురు, బుగ్గలు, మెడ, అచ్చం చంటిపిల్లకు స్నానం చేయిస్తున్నట్టు తుడిచింది. తర్వాత వంగి చెవి మీద అరచెయ్యి పెట్టింది. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను, గాలి హోరులో వినబడలేదు. పెదాలు కదలడం చూశాను. మూడే మాటలు.

సాయంత్రం వెలుగు కుప్పలో అన్నిటికంటే పైన ఉంది అది. చెవి దానికి నక్షత్రం గుర్తు కూడా పెట్టింది.

"తొమ్మిదో ఫొటో. నా రోజులు నిండుగా ఉన్నాయి."

కాసులు అన్నది నాకు వినబడకపోయినా ఏమన్నదో తెలుసు. నా రోజులు నిండుకున్నాయి అంది. మన ఇళ్ళలో ఆ మాట ఎవరి గురించి అంటారో, ఏ మంచం పక్కన నిలబడి అంటారో తెలియనిది ఒక్క చెవికే.

నక్షత్రం వచ్చిన స్పందనను ముగింపు సభలో నమోదుదారు చదవాలట. విశ్రాంతి కొండను నడిపే పెద్దలు వింటారట. తారకేశం గారు ఆ సంగతి చెబుతూ నా మొహం వంక చూడలేదు.

ఇంటికొచ్చాక అడిగేశాను. బిళ్ళ మీద దుప్పటి కప్పి, చెవిలో అడిగాను. "ఏటే, ఎందుకన్నావ్ అలాగ?"

"నిజవే కదప్పా" అంది. "నిజం ఇంక ఎక్కడ సెప్పాల? సావిడి మూసెత్తన్నారు కదా."

ఆమె చీర చెంగు నా చీర చెంగుకు ముడేసి పడుకున్నాను. అభ్యంతరం చెప్పలేదు. అలాగే అప్పా అంది.

చివరి రోజు

ఇది కట్ట మీద నేల మీద కూచుని రాస్తున్నాను. చదవడానికి రాకపోతే నన్ను తిట్టుకోకండి.

పొద్దున సావిడికి తాళం పడింది. మార్తమ్మ ఊకను కాలవ గట్టున గుమ్మరించి, కుండ చంకన పెట్టుకుని నడిచింది. ఎక్కడికి అని అడిగితే, "కట్ట కాడికేనమ్మా, సభంట కదా, పిలిసినారు" అంది.

సాయంత్రం సభ. కొండ పెద్దలు వేదిక మీద, వెనక వరసగా నాలుగు తెల్లబళ్ళు. ఫొటోల్లో ఉన్నవాళ్ళను జనానికి ముందు కుర్చీల్లో కూచోబెట్టారు. ఒకరు చప్పట్లు కొడితే అందరూ కొట్టారు, ఒకరు ఆపితే అందరూ ఆపారు. ఆ చివరి కుర్చీ కాసులుది. ఆమె కూడా వాళ్ళతో సమంగా కొడుతోంది. సముద్రం పోటు మీద ఉంది, గోడ అవతల నీళ్ళు లేస్తున్న చప్పుడు మధ్యమధ్య మాటల్ని మింగేస్తోంది.

నాకు కాగితం ఇచ్చారు. చదివాను. మెరకపాలెం ప్రజలకు ఓపిక నిండుగా ఉంది. నిద్ర నిండుగా ఉంది. మాటలు నిండుగా ఉన్నాయి. ఆ మాటలు అన్నవాళ్ళే ఎదురుగా నిలబడి ఉన్నారు. తాము చెప్పింది తలకిందులై తమ మొహం మీదకే తిరిగొస్తుంటే కళ్ళు దించుకుని విన్నారు. దాలినాయుడు చెప్పులు చూసుకుంటున్నాడు. కొండ పెద్దలు తలలు ఊపుతున్నారు.

చివరిది నక్షత్రం గుర్తుది. "తొమ్మిదో ఫొటో. నా రోజులు" దాకా చదివాను. అక్కడ ఆగి కాగితం దించాను.

కాసులు నా వంక చూసి, చదువు అన్నట్టు తల ఊపింది. నవ్వింది.

ఒళ్ళు మండిపోయింది నాకు. ఇదేదో ధైర్యమని ఎవరైనా రేపు చెబితే నమ్మకండి, అది ఉత్త కోపం. ఆమె మీద కోపం, పడవ మీద కోపం, ఇన్నేళ్ళూ కర్రలా నిలబడ్డ నా మీద నాకే కోపం. ఆ వాక్యాన్ని నేను పూర్తి చేస్తే ఆమె చావుకు నేనే సంతకం పెట్టినట్టు. దిద్ది చదివితే బండి ఎక్కించినట్టు. అందుకని ఆమె మాట వదిలేసి నా మాట చెప్పాను.

"నాకు ఓపిక అయిపోయింది" అన్నాను మైకులో. "నిండుకోలేదు. అయిపోయింది. మొగుడు పోయినందుకు నేను ఇప్పటిదాకా ఏడవలేదు, ఇంట్లో ఏడ్చే మనిషి వేరే ఉంది కాబట్టి. కొన్ని పొద్దుటిపూటలు నాకూ లేవాలని ఉండదు. బతకాలని ఉండదు."

నా బిళ్ళ మోగింది. ఇన్నేళ్ళలో నాది మోగడం అదే మొదలు. ఇంత సన్నటి చప్పుడని, దవడ ఎముకల్లోకి దిగుతుందని తెలియదు. వేదిక మీద ఒకాయన వేలెత్తాడు. మొదటి బండి కదిలింది.

అప్పుడు కుర్చీ పడిన చప్పుడైంది.

"ఓసి నీ నోరు పడిపోనూ!" అని అరుస్తూ వచ్చింది కాసులు. ఫొటోవాళ్ళందరూ చేతులు కలిపి చప్పట్లకు సిద్ధంగా కూచున్నవాళ్ళు కూచున్నట్టే ఉన్నారు, ఆమె ఒక్కతే జుట్టుముడి ఊడిపోయి పరుగెత్తుకొచ్చింది. "నిన్నెవులడిగినారే? నాను సస్తే నాను సస్తాను, నీకెందుకే మద్దెన? నిన్ను కొండెక్కిత్తే నాకెవులున్నారే? ఆ దిక్కుమాలిన సారు నాకెవులు పోత్తారే?"

నన్ను రెండు భుజాలూ పట్టుకుని ఊపేస్తోంది. ఆమె బిళ్ళ కూడా మోగుతోంది. మెడలు దగ్గరగా ఉండి రెండు బిళ్ళలూ ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. నాకు భయం వేయాల్సిన క్షణం అది. కానీ తిడుతోంది, నా తోటికోడలు నన్ను తిడుతోంది అనుకుంటూ వెర్రిదానిలా ఆ తిట్లు వింటూ నిలబడ్డాను.

బండి మా వైపు వస్తుంటే జనంలోంచి దాలినాయుడు, "నాకూ అయిపోయింది" అన్నాడు. పెద్దగా అనలేదు. బిళ్ళ మోగింది కాబట్టి అందరికీ తెలిసింది. అతని పక్కన ఒకావిడ. ఆవిడ వెనక ఇద్దరు. ఒక ముసలాయన, "పదిమందితో సావు పెల్లితో సమానవన్నారు, నాకూ అంతే బావూ" అని కర్ర నేలకేసి కొట్టాడు. తర్వాత ఎవరు మాట అన్నందుకు మోగిందో, ఎవరికి గుండె అదిరి మోగిందో చెప్పడం కుదరలేదు. పసిపిల్లల మెడల్లో బిళ్ళలు కూడా మోగాయి. కట్ట ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకటే మోత, సముద్రం కూడా వినబడలేదు. తారకేశం గారు వేదిక మెట్ల మీద కూలబడి తన బిళ్ళను రెండు చేతులా పట్టుకుని ఏడుస్తున్నారు. కొండ పెద్దలు లేచి వెనక మెట్ల నుంచి దిగిపోయారు.

మార్తమ్మ ఖాళీ కుండ నేల మీద పెట్టి, దాని పక్కన చతికిలబడి, దగ్గరున్నవాళ్ళ చెయ్యి పట్టుకుని అడగడం మొదలుపెట్టింది. "ఏటయిందమ్మా?"

మొదటి బండి మా ముందు ఆగింది. డ్రైవరు దిగాడు. ముప్పై ఏళ్ళుంటాయి. తలుపు తెరిచి, ముందు ఎవరు ఎక్కుతారని అడగబోయి ఆగిపోయాడు. అతని మెడలోనిది కూడా మోగుతోంది. దాన్ని చొక్కా లోపలికి తోశాడు, గుప్పిట్లో నొక్కాడు, ఆగలేదు.

కాసులు నన్ను వదిలింది. చెంగుతో మొహం తుడుచుకుంది. బండి మెట్టు మీద జరిగి కూచుని, పక్కన చోటు చూపించి, "కూకో బావూ" అంది. "ఏటయింది?"

అతను కూచున్నాడు. బిళ్ళను గుప్పిట్లో పట్టుకునే చెప్పాడు. "మాయావిడ్ని నానే ఎక్కించినానమ్మా. రెండోసారి గూడా బండి నానే తోలినాను. ఇప్పుడు నన్ను డ్రైవరుగారూ అంటది."

కాసులు అతని వైపు తిరిగి కూచుంది. వింటోంది. ఇదంతా జరిగి కొంతసేపయింది, అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు.

విశ్రాంతి కొండ మీద నుంచి బళ్ళ దీపాలు దిగుతున్నాయి. మా ఊరికి నాలుగే బళ్ళని ఇన్నాళ్ళూ అనుకున్నాం. మలుపు దగ్గర ఇప్పటికే పదిహేను కనిపించాయి, వెనక ఇంకా వస్తున్నాయి. లెక్కపెట్టడం ఆపేశాను. ఇక్కడితో రాయడం కూడా ఆపి, వెళ్ళి మా కాసులు పక్కన కూచుంటాను.